మామోగ్రామ్ నలభైకా, యాభైకా? మారుతున్న సలహాల వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే తక్కువ మోతాదు ఎక్స్‌రే. ఏ లక్షణమూ లేని స్త్రీలలో, క్యాన్సర్ చేతికి తగలకముందే పట్టుకోవడానికి దాన్ని వాడితే స్క్రీనింగ్ అంటారు. స్క్రీనింగ్‌కు పిలిచిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు ఐదో వంతు తగ్గుతాయని ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే తేలింది. ఆ మేలుతోపాటు కొందరికి అనవసరపు పరీక్షలు, కొందరికి అనవసరపు చికిత్స తప్పవు. ఏ వయసులో మొదలుపెట్టాలన్న వాదమంతా ఈ రెండింటి తూకం గురించే.

ఏ పరీక్ష ఎవరికి అవసరమో సలహా ఇచ్చే నిపుణుల సంఘం, అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, 2024 ఏప్రిల్ 30న తన పాత మాట మార్చుకుంది. 2009లోనూ 2016లోనూ అది 50 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ చాలంది. నలభైలలో ఉన్నవారు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారు తేల్చుకోవాలంది. ఇప్పుడు 40 నుంచే మొదలుపెట్టమంటోంది. అదే దేశంలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 45 నుంచి ఏటా, 55 దాటాక రెండేళ్లకోసారి అంటుంది. బ్రిటన్ ప్రభుత్వ కార్యక్రమం 50 నుంచి 71వ పుట్టినరోజు వరకు మూడేళ్లకోసారి పిలుస్తుంది. వైద్య వ్యవస్థ బలంగా ఉన్న చోట్ల 50–69 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. అదే ఏడాది స్విస్ మెడికల్ బోర్డు అసలు కొత్త స్క్రీనింగ్ కార్యక్రమాలే మొదలుపెట్టవద్దని సలహా ఇచ్చింది.

జబ్బు ఒకటే, యంత్రం ఒకటే, చూసిన ప్రయోగాలు కూడా చాలావరకు అవే. అయినా ఇన్ని మాటలు ఎందుకంటే, మేలును ఎంత బరువుగా తూయాలి, నష్టాన్ని ఎంత బరువుగా తూయాలి అన్న చోట ఒక్కో సంస్థది ఒక్కో లెక్క. ఆ మేలూ నష్టమూ ఎక్కడ పుడతాయో తెలియాలంటే ముందు పరీక్ష గదిలోకి వెళ్లాలి.

ఒకే యంత్రం, రెండు ప్రశ్నలు

మామోగ్రామ్‌ను రెండు వేర్వేరు పనులకు వాడతారు. ఏ బాధా లేని స్త్రీకి తీసేది స్క్రీనింగ్ మామోగ్రామ్. గడ్డ తగిలిందనో, చనుమొన లోపలికి లాగిందనో, దాని నుంచి రక్తం కలిసిన ద్రవం వస్తోందనో, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడిందనో వచ్చిన స్త్రీకి తీసేది డయాగ్నస్టిక్ మామోగ్రామ్. మొదటిది జల్లెడ పట్టడం: వేలమందిలోంచి ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సినవారిని విడదీస్తుంది. రెండోది ఒక ఫలానా ఫిర్యాదుకు కారణం వెతకడం.

ఈ తేడా పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. చేతికి గడ్డ తగులుతుండగా మామోగ్రామ్ మామూలుగా ఉందని చెప్పి పంపేయడం వైద్యంలో తెలిసిన పొరపాటు. గడ్డ ఉన్నప్పుడు మామోగ్రామ్‌తోపాటు అదే చోట అల్ట్రాసౌండ్ చేయాలి. రెండింటిలోనూ ఏమీ కనిపించకపోయినా గడ్డ అనుమానంగా తోస్తే బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) దాకా వెళ్లాలి. స్క్రీనింగ్ తేదీ ఇంకా రాలేదనో, పోయిన ఏడాది రిపోర్టు బాగుందనో ఆగకూడదు. రెండు స్క్రీనింగ్‌ల మధ్య కాలంలో బయటపడే క్యాన్సర్లు కొంత వేగంగా పెరిగే రకాలు కావడం ఎక్కువ.

నాలుగు చిత్రాలు, ఒక్కోదానికి కొన్ని సెకన్లు

స్క్రీనింగ్‌లో ఒక్కో రొమ్ముకు రెండేసి చొప్పున మొత్తం నాలుగు చిత్రాలు తీస్తారు. ఒకటి పై నుంచి కిందికి. రెండోది పక్క నుంచి ఏటవాలుగా, సాధారణంగా 45 డిగ్రీల దగ్గర. మనిషి శరీరాన్ని బట్టి 30 నుంచి 60 మధ్య మారుస్తారు. రెండు కోణాలు ఎందుకంటే, ఎక్స్‌రేలో లోపలి పొరలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడలా కనిపిస్తాయి. ఒక కోణంలో గడ్డలా తోచింది రెండో కోణంలో విడిపోతే, అది రెండు మామూలు పొరలు కలిసి వేసిన నీడ మాత్రమే. ఏటవాలు చిత్రానికి ఇంకో పని కూడా ఉంది. రొమ్ము కణజాలం చంక వైపు తోకలా సాగి ఉంటుంది, క్యాన్సర్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆ పై బయటి భాగంలోనే. పై నుంచి తీసిన చిత్రంలో అది పూర్తిగా రాదు.

చాలామంది భయపడేది రొమ్మును నొక్కడం గురించి. కింద ఒక పలక, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పలక పెట్టి రొమ్మును బల్లపరుపుగా అదుముతారు. యంత్రం తనంతట తాను ఇచ్చే గరిష్ఠ ఒత్తిడి 111 నుంచి 200 న్యూటన్ల మధ్య ఉండాలని అమెరికా నిబంధన. అంటే ఇంచుమించు 11 నుంచి 20 కిలోల బరువు పెట్టినంత. నొప్పి కలిగించే ఈ పనికి నాలుగు గట్టి కారణాలున్నాయి. ఒకదానిమీద ఒకటి పడిన పొరలు విడిపోతాయి. మందం తగ్గడం వల్ల రేడియేషన్ తక్కువ చాలుతుంది. ఎక్స్‌రే కిరణాలు లోపల చెదిరి చిత్రాన్ని మసకబార్చడం తగ్గుతుంది. కదలిక ఆగుతుంది. కణజాలంలో కాల్షియం పేరుకుని ఏర్పడే, ఉప్పు రవ్వకంటే చిన్న సున్నపు చుక్కలను వెతికే చోట ఊపిరి తీసుకున్నంత కదలికకు కూడా ఆ చుక్కలు చెరిగిపోతాయి. నొక్కి ఉంచేది ఒక్కో చిత్రానికి కొన్ని సెకన్లే. దానివల్ల క్యాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు.

చిత్రం బాగా వచ్చిందా లేదా అన్నది నిలబెట్టిన తీరు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఏటవాలు చిత్రంలో ఛాతీ కండరం చనుమొన ఎత్తు వరకైనా దిగి కనిపించాలి. రొమ్ము కింది ముడత విప్పుకుని ఉండాలి. చనుమొన పక్క నుంచి స్పష్టంగా కనిపించాలి. చనుమొన నుంచి వెనక్కి కొలిచిన లోతు రెండు చిత్రాల్లోనూ ఒక సెంటీమీటరుకు మించి తేడా ఉండకూడదు. అంతకంటే తేడా వస్తే ఛాతీ గోడ దగ్గరి కణజాలం ఏదో ఒక చిత్రంలో తెగిపోయిందని అర్థం. అక్కడ ఉన్న కణితిని, చిత్రాలు చదివే డాక్టరు (రేడియాలజిస్టు) ఎంత అనుభవమున్నవారైనా చూడలేరు, ఎందుకంటే అది చిత్రంలోనే లేదు. కొత్త యంత్రం ఉందా అని అడిగేవారు చాలామంది. నిలబెట్టి తీసే టెక్నీషియన్‌కు ఎంత అనుభవం ఉందన్నది కూడా అంతే అడగాల్సిన ప్రశ్న.

రేడియేషన్ విషయానికొస్తే, నాలుగు చిత్రాలకూ కలిపి శరీరానికి అందే మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్ట్‌లు. గాలి, నేల, అంతరిక్షం నుంచి ఎవరికైనా ఏడు వారాల్లో సహజంగా అందేది ఇంచుమించు అంతే. ఛాతీ ఎక్స్‌రేకు 100 కిలోవోల్టులకు పైగా వాడే చోట మామోగ్రామ్‌కు 25–35 మాత్రమే వాడతారు. రొమ్ములో గ్రంథి కణజాలానికీ కణితికీ మధ్య తేడా చాలా స్వల్పం. శక్తి తక్కువ ఉన్న కిరణాలకే ఆ తేడా అందుతుంది.

పరీక్షకు వెళ్లేముందు పాటించాల్సినవి కొన్నే. నెలసరి వచ్చేవారు అది ముగిసిన తర్వాతి వారం ఎంచుకుంటే రొమ్ముల సలుపు తక్కువగా ఉంటుంది, నొక్కినప్పుడు నొప్పి కూడా తగ్గుతుంది. ఆ రోజు చంకల్లో డియోడరెంట్, పౌడరు, రొమ్ముల మీద క్రీము రాయకూడదు. వాటిలోని అల్యూమినియం వంటి రేణువులు చిత్రంలో అచ్చం సున్నపు చుక్కల్లాగే తెల్లగా కనిపించి లేనిపోని అనుమానం తెస్తాయి. పాలిచ్చే తల్లులు బిడ్డకు పట్టించి రొమ్ము ఖాళీ చేశాక వెళ్లడం మంచిది. రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టించుకున్న ఇంప్లాంట్లు ఉంటే ముందే చెప్పాలి. వాటిని వెనక్కి తోసి ముందున్న కణజాలాన్ని విడిగా తీయాలి కాబట్టి నాలుగుకు బదులు ఎనిమిది చిత్రాలు అవుతాయి. పాత మామోగ్రామ్‌లు వెంట తీసుకెళ్లడం అన్నింటికంటే ముఖ్యం. ఒక నీడ అయిదేళ్లుగా మారకుండా ఉందని తెలిస్తే మళ్లీ పిలవాల్సిన అవసరమే రాకపోవచ్చు. పాత చిత్రంలో లేని చిన్న మార్పు ఇప్పుడు కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోరు. పాత రిపోర్టు కాగితం ఈ పనికి చాలదు, చిత్రాలే కావాలి.

తెలుపులో తెలుపును వెతకడం

మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, బూడిద రంగులో కనిపిస్తుంది. పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే నార కణజాలం తెల్లగా కనిపిస్తాయి. కణితి కూడా తెల్లగానే కనిపిస్తుంది. పరీక్ష బలహీనత అంతా ఈ ఒక్క మాటలో ఉంది. కొవ్వు ఎక్కువున్న రొమ్ములో చిన్న కణితి చీకట్లో దీపంలా తెలిసిపోతుంది. గ్రంథులు దట్టంగా ఉన్న రొమ్ములో అదే కణితి పాలలో పడ్డ అన్నం మెతుకు లాంటిది.

ఈ దట్టాన్ని నాలుగు తరగతులుగా రాస్తారు: ఎ అంటే దాదాపు అంతా కొవ్వు, బి అంటే అక్కడక్కడ గ్రంథులు, సి అంటే చాలాచోట్ల దట్టం, డి అంటే అంతా దట్టం. స్త్రీలలో సుమారు పదో వంతు ఎలో, పదో వంతు డిలో, మిగతా వారు ఇంచుమించు సమానంగా బి, సిలలో ఉంటారు. అంటే దాదాపు సగం మందివి దట్టమైన రొమ్ములే. అది జబ్బు కాదు. చేత్తో తాకి గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని చెప్పేదానికీ దీనికీ సంబంధం లేదు, చిత్రం మీద మాత్రమే తెలుస్తుంది. ఉన్న క్యాన్సర్లలో మామోగ్రామ్ పట్టుకునేవి ఎ తరగతిలో నూటికి 87 దాకా ఉంటే, డి తరగతిలో 63 దగ్గరికి పడిపోతాయని అమెరికాలో చేసిన పెద్ద పరిశీలన ఒకటి తేల్చింది. పైగా దట్టమైన కణజాలం వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా కొంత ఎక్కువే. 2024 సెప్టెంబర్ నుంచి అమెరికాలో ప్రతి మామోగ్రామ్ కేంద్రమూ దట్టం సంగతి రోగికి రాతపూర్వకంగా తెలపాలి. ఉత్తరం చేతికొచ్చాక ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం అంత ఏకాభిప్రాయం కుదరలేదు.

చిత్రంలో రేడియాలజిస్టు వెతికేవి ప్రధానంగా నాలుగు: గడ్డ, సున్నపు చుక్కలు, కణజాలపు అల్లిక ఒక చోట ముడిపడి లాగినట్లుండటం, ఒక రొమ్ములో ఉన్న నీడ రెండో రొమ్ములో అదే చోట లేకపోవడం. వీటిలో సున్నపు చుక్కల సంగతి కాస్త దగ్గరగా చూడదగ్గది. అవి చాలామందిలో ఉంటాయి, తినే ఆహారంలోని కాల్షియానికీ వాటికీ సంబంధం లేదు. రైలు పట్టాల్లా రెండు సమాంతర గీతలుగా ఉంటే అవి రక్తనాళపు గోడలో పేరుకున్నవి. పేలాల్లా లావుగా ఉంటే ముసలిదైన ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డవి. గుడ్డు పెంకులా గుండ్రని అంచు కడితే ఎప్పుడో తగిలిన దెబ్బకు చచ్చిన కొవ్వుకు గానీ, నీటి తిత్తికి గానీ పట్టినవి. ఇవేవీ భయపడాల్సినవి కావు. అర మిల్లీమీటరుకంటే చిన్నవి, ఒకదానితో ఒకటి పోలిక లేనివి, గుంపుగా ఉన్నవి, ముఖ్యంగా సన్నని గీతలై కొమ్మల్లా చీలినవి అయితే అనుమానించాలి. పాలనాళం లోపల పెరుగుతున్న కణాలు చచ్చి, అక్కడ సున్నం పేరుకుని, నాళం ఆకారాన్నే అచ్చు పోసినట్లు తీసుకున్నాయన్నమాట. నాళాల లోపలే ఆగి ఉన్న తొలి దశ క్యాన్సర్ చాలాసార్లు ఇలా తప్ప మరే రకంగానూ బయటపడదు. అల్ట్రాసౌండ్‌లో ఈ చుక్కలు సరిగా కనిపించవు. అందుకే అల్ట్రాసౌండ్‌లో నొప్పి ఉండదని చెప్పి మామోగ్రామ్‌కు బదులుగా అల్ట్రాసౌండ్ ఒక్కటే చేయించుకుంటే స్క్రీనింగ్ అనిపించుకోదు. శరీర వేడిని చూసే థర్మోగ్రఫీ అయితే ఏ రకంగానూ దీనికి ప్రత్యామ్నాయం కాదు.

వీటికి పూర్తి వ్యతిరేకం లోబ్యులర్ రకం క్యాన్సర్. అది గడ్డ కట్టకుండా కణాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా పాకుతూ పోతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఇది నూటికి 10–15. మామోగ్రామ్‌కు చిక్కకుండా పోయే వాటిలో దీని వాటా పెద్దది.

రిపోర్టు మీద అంకె

మామోగ్రామ్ రిపోర్టు చివర బై-రాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని క్యాన్సర్ దశ అనుకుని కుంగిపోయేవారున్నారు. అది దశ కాదు, తర్వాత చేయాల్సిన పనిని చెప్పే అంకె.

1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఏదో ఉంది కానీ అది నిస్సందేహంగా హానిలేనిది. 3 అంటే హానిలేనిదే అయి ఉండాలి, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. ఆ ఆరు నెలల తేదీకి వెళ్లకపోవడమే 3 విషయంలో జరిగే పెద్ద పొరపాటు. చూస్తూ ఉండటమే అక్కడ వైద్యం. 4 అంటే బయాప్సీ చేయాలి. కానీ 4 అన్నది చాలా వెడల్పయిన తరగతి, అందులో అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉంటుంది. అందుకే దాన్ని మళ్లీ మూడుగా విడదీస్తారు: 4ఎ అయితే 10 శాతం వరకు, 4బి అయితే 50 వరకు, 4సి అయితే 95 వరకు. 4 అని మాత్రమే రాసి ఉంటే ఏ భాగమో అడగడం రోగి హక్కు. 5 అంటే 95 శాతం లేదా అంతకుమించి. 6 అంటే బయాప్సీలో ఇదివరకే తేలిన క్యాన్సర్.

ఎక్కువ కంగారు పుట్టించేది 0. దానర్థం పరీక్ష ఇంకా పూర్తికాలేదని మాత్రమే: మరో కోణం చిత్రమో, అల్ట్రాసౌండో, పాత చిత్రాలో కావాలి.

మళ్లీ పిలుపు వస్తే

అమెరికా లెక్కల ప్రకారం వెయ్యిమంది స్క్రీనింగ్‌కు వస్తే సుమారు 100 మందికి పైగా మళ్లీ పిలుపు అందుకుంటారు. చివరికి అయిదుగురి దగ్గర క్యాన్సర్ తేలుతుంది. ఇంకొకరి దగ్గర ఉన్నది ఈ పరీక్షలో తప్పిపోయి ఏడాది లోపు బయటపడుతుంది. బ్రిటన్‌లో నూటికి నలుగురినే మళ్లీ పిలుస్తారు, వారిలో ఒకరికి క్యాన్సర్ ఉంటుంది. కిరణాలు రెండు చోట్లా అవే. బ్రిటన్‌లో ప్రతి చిత్రాన్నీ ఇద్దరు విడివిడిగా చదువుతారు, వయసు 50 దాటినవారే వస్తారు, పాత చిత్రాలు అదే వ్యవస్థలో సిద్ధంగా ఉంటాయి. అమెరికాలో సాధారణంగా ఒక్కరే చదువుతారు, ఏదైనా వదిలేస్తే కోర్టుకెక్కాల్సి వస్తుందన్న జంకూ ఉంటుంది. ఈ నష్టం యంత్రంతోపాటు అంటుకుని రాలేదనీ, కార్యక్రమాన్ని నడిపే తీరును బట్టి పెరుగుతుందనీ, తగ్గుతుందనీ ఈ ఒక్క పోలికతోనే తెలుస్తుంది.

బయాప్సీ చెప్పినవారిలో కూడా సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే మత్తు సూది ఇచ్చి, 14 గేజ్ సూదితో సన్నని ముక్కలు కొన్ని తీస్తారు. సున్నపు చుక్కలు మాత్రమే అయితే రొమ్మును మళ్లీ నొక్కి ఉంచి, ఎక్స్‌రే చూస్తూ వాక్యూమ్ సూదితో తీస్తారు. తీసిన ముక్కలకు అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయో లేదో చూడాలి. చుక్కలు రాకపోతే ముక్క తీసినా తీయనట్లే. తీసిన చోట గింజంత లోహపు గుర్తు వదులుతారు, తర్వాతి చిత్రాల్లో ఆ చోటు తెలియడానికి. ల్యాబ్ రిపోర్టు మామూలుగా వచ్చినా, చిత్రంలో చూసినదానికీ దానికీ పొంతన కుదరకపోతే అక్కడితో ఆగకూడదు, మళ్లీ ముక్క తీయాలి. సూది అసలు చోటుకు తగలకపోయి ఉండవచ్చు.

మేలు ఎంత, నష్టం ఎంత

స్క్రీనింగ్‌లో దొరికిన క్యాన్సర్ ఉన్నవారు ఎక్కువకాలం బతుకుతున్నారని చెప్పడం సులువు, అయితే అదొక్కటే రుజువు కాదు. 2030లో చనిపోవాల్సిన మనిషికి జబ్బు 2026కు బదులు 2023లోనే తెలిస్తే, ఒక్క రోజు ఆయుష్షు పెరగకపోయినా జబ్బు తెలిశాక బతికిన కాలం నాలుగేళ్ల నుంచి ఏడేళ్లవుతుంది. రెండో చిక్కు ఏమిటంటే, నెమ్మదిగా పెరిగే కణితులు ఏళ్లతరబడి చిత్రానికి చిక్కే స్థితిలో ఉంటాయి. వేగంగా పెరిగేవి రెండు పరీక్షల మధ్యే దూసుకొస్తాయి. కాబట్టి స్క్రీనింగ్ వలలో సహజంగానే సాధు రకాలు ఎక్కువ పడతాయి. ఈ రెండు మాయల్నీ తప్పించుకోవాలంటే స్త్రీలను లాటరీ తీసినట్లు రెండు వర్గాలుగా విడగొట్టి, ఏ వర్గంలో ఎన్ని మరణాలో లెక్కపెట్టడం ఒక్కటే దారి.

అలాంటి మొదటి ప్రయోగం 1963లో న్యూయార్క్‌లో సుమారు 62,000 మందితో మొదలైంది. 1977లో స్వీడన్‌లోని రెండు జిల్లాల్లో 1,33,000 మందితో మొదలైన ప్రయోగం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని చూపింది. 1980లో కెనడాలో దాదాపు 90,000 మందితో మొదలైనది మాత్రం పాతికేళ్లు చూసినా తేడా లేదంది. ఆ ప్రయోగంలో చిత్రాల నాణ్యత చాలలేదనీ, స్త్రీలను వర్గాలుగా పంచిన తీరులో లోపం ఉందనీ విమర్శలున్నాయి. వాటిమీద వాదం ఇంకా చల్లారలేదు.

ఈ ప్రయోగాలన్నింటినీ కలిపి చూసిన బ్రిటన్ స్వతంత్ర సంఘం 2012లో ఒక లెక్క ఇచ్చింది. 50 ఏళ్ల వయసున్న 10,000 మందిని 20 ఏళ్లపాటు స్క్రీనింగ్‌కు పిలిస్తే 681 క్యాన్సర్లు దొరుకుతాయి. 43 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోకుండా మిగులుతారు. 129 మందికి, జీవితాంతం ఏ హానీ చేయకుండా ఉండిపోయే క్యాన్సర్‌కు చికిత్స జరుగుతుంది. ఒక ప్రాణానికి మూడు అనవసర చికిత్సలు.

ఈ 129 మంది సంగతి అర్థం కావడం కష్టం, ఎందుకంటే వారిలో ఏ ఒక్కరూ తాము ఆ లెక్కలో ఉన్నామని ఎప్పటికీ తెలుసుకోలేరు. మైక్రోస్కోపు కింద వారిది నిజమైన క్యాన్సరే. అది కదలకుండా ఉండిపోయేదో, పాకేదో ముందుగా చెప్పే ఆధారం ఇంకా చేతికి రాలేదు కాబట్టి అందరికీ ఆపరేషన్, చాలామందికి రేడియేషన్ తప్పడం లేదు. ప్రతి ఒక్కరూ తమను స్క్రీనింగే కాపాడిందని నమ్ముతారు. 43 మంది విషయంలో అది అక్షరాలా నిజం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చెప్పని ప్రచారం ఎంత మంచి మనసుతో చేసినా స్త్రీకి సగం సమాచారమే ఇచ్చినట్లు.

పాత ప్రయోగాల తర్వాత చికిత్స చాలా మెరుగుపడింది. మందులు బాగా పనిచేస్తున్నకొద్దీ ముందుగా పట్టుకోవడం వల్ల అదనంగా మిగిలే ప్రాణాలు తగ్గవచ్చు. మరోవైపు చిన్న కణితికి తేలికపాటి ఆపరేషన్‌తో, ఒక్కోసారి కీమోథెరపీ లేకుండా గడిచిపోవడం అన్న మేలు మరణాల లెక్కలోకి ఎక్కనే ఎక్కదు.

వయసు దగ్గర చిక్కు

అమెరికా లెక్కల్లో 40 ఏళ్ల స్త్రీకి రాబోయే పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 1.6 శాతం దగ్గర, 60 ఏళ్ల స్త్రీకి 3.5 శాతం దగ్గర ఉంటుంది. జల్లెడలో గింజలు తక్కువైతే ఊరికే పోసిన పొట్టు ఎక్కువవుతుంది. పైగా నలభైలలో రొమ్ములు దట్టంగా ఉండేవారు ఎక్కువ, పరీక్ష చూపు తగ్గుతుంది, తప్పుడు పిలుపులు పెరుగుతాయి. ఆ వయసులో కణితులు కొంత వేగంగా కూడా పెరుగుతాయి కాబట్టి మూడేళ్ల విరామం పనికిరాదు. ఇంకోవైపు, ఆ వయసులో కాపాడిన ఒక్క ప్రాణం అంటే మిగిలిన ఏళ్లు ఎన్నో.

బ్రిటన్‌లో 1,60,921 మందితో చేసిన ప్రయోగం సరిగ్గా ఈ వయసునే చూసింది. 40 దగ్గర మొదలుపెట్టి 48 వరకు ఏటా మామోగ్రామ్ తీస్తే, మొదటి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 25 శాతం తగ్గాయి. ఆ తర్వాతి కాలంలో తేడా కనిపించలేదు. విడి అంకెల్లో చెబితే ఇంచుమించు వెయ్యిమందికి ఒక ప్రాణం. ‘25 శాతం’ అన్నా ‘వెయ్యికి ఒకటి’ అన్నా ఒకే ఫలితం. మొదటిది వింటే 40కే మొదలుపెట్టాలనిపిస్తుంది, రెండోది వింటే ఆలోచిద్దామనిపిస్తుంది.

అమెరికా టాస్క్‌ఫోర్స్ 2024లో మనసు మార్చుకోవడానికి కారణం కొత్త ప్రయోగం కాదు. ఆ దేశంలో నలభైలలో ఉన్నవారికి క్యాన్సర్ రావడం 2015 తర్వాత ఏటా సుమారు 2 శాతం చొప్పున పెరిగింది. నల్లజాతి స్త్రీలు శ్వేతజాతి స్త్రీలకంటే ఈ జబ్బుతో చనిపోవడం 40 శాతం ఎక్కువ, వారికి చిన్న వయసులోనే ఉగ్రమైన రకాలు వస్తున్నాయి. ఈ రెండూ తూకాన్ని ఒక పక్కకు వంచాయి. మరో దేశంలో ఆ రెండు కారణాలూ లేకపోతే తూకం వేరుగా ఉండటం సహజమే.

ఈ వయసుల లెక్క అంతా మామూలు ముప్పు ఉన్నవారికే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం ఉన్నవారికి, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఛాతీకి రేడియేషన్ చికిత్స జరిగినవారికి, జీవితకాల ముప్పు 20 శాతం దాటినవారికి 40 దాకా ఆగమనడం తప్పు. వారికి ఏటా ఎంఆర్‌ఐ కూడా కావాలి, జన్యులోపం ఉన్నవారికి అది 25 దగ్గరే మొదలవుతుంది. తల్లికి, అక్కచెల్లెళ్లకు చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే, తండ్రి వైపు ఆడవారికి వచ్చి ఉన్నా సరే, ముందు డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అది. తండ్రి వైపు చరిత్ర చాలాసార్లు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

కొత్తగా వస్తున్నవి

టోమోసింథసిస్ అంటే యంత్రం తల చిన్న వంపులో కదులుతూ ఎన్నో చిత్రాలు తీసి, రొమ్మును మిల్లీమీటరు మందం పొరలుగా చూపడం. అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. నీడ మీద నీడ పడే చిక్కు చాలావరకు తీరుతుంది. అంతా దట్టమైన డి తరగతి రొమ్ములున్నవారికి ఎంఆర్‌ఐ కూడా చేస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. రెండు పరీక్షల మధ్య బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కు తగ్గాయి, కానీ మొదటి విడతలో వెయ్యికి దాదాపు 80 మందికి తప్పుడు అనుమానం వచ్చింది. స్వీడన్‌లో 80,000 మందితో చేసిన ప్రయోగంలో కృత్రిమ మేధ సాయంతో చదివితే, చదివే పని 44 శాతం తగ్గింది, దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు. ఇద్దరు చదివే చోట ఒకరి పని తగ్గించడానికి ఇది ఆశ కలిగించేదే.

యంత్రం అందని చోట

మామోగ్రామ్ కొనడం తేలిక, దాని వెనుక ఉండాల్సిన గొలుసు కష్టం: నాణ్యత తనిఖీలు, చదివేవారు, బయాప్సీ, ఆ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు, ఆపరేషన్, రేడియేషన్, మందులు. ఒక్క కొక్కెం ఊడినా ముందుగా పట్టుకున్న ఫలితం దక్కదు. వైద్య వ్యవస్థ బలహీనంగా ఉన్న చోట మామోగ్రామ్ కార్యక్రమం పెట్టవద్దనీ, లక్షణాలతో వచ్చినవారిని త్వరగా గుర్తించి చికిత్స చేయడమే ముందు పని అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఇదే.

ప్రత్యామ్నాయంగా చెప్పే రెండు పద్ధతులకు ఫలితాలు వేర్వేరు. నెలనెలా ఎవరికి వారే పద్ధతి ప్రకారం తడిమి చూసుకోవడం నేర్పితే మరణాలు తగ్గుతాయా అని షాంఘైలో 2,66,064 మంది మిల్లు కార్మిక స్త్రీలతో పరీక్షించారు. మరణాలు తగ్గలేదు, అనవసర బయాప్సీలు పెరిగాయి. తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, మార్పు వస్తే ఆలస్యం చేయకపోవడం మాత్రం అందరూ ఒప్పుకునే మాట. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన ప్రయోగంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. సుమారు 1,50,000 మందిని ఇరవై ఏళ్లు గమనించాక మొత్తం మీద మరణాల్లో 15 శాతం తగ్గుదల కనిపించింది, అది గట్టిగా రుజువు చేసేంతది కాదు. 50 దాటినవారిలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. 50కి లోపువారిలో తేడా లేదు.

2022లో ప్రపంచంలో 23 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ తేలింది, 6,70,000 మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టుకున్న లక్ష్యాలు మూడు: నూటికి 60కి పైగా క్యాన్సర్లు మొదటి రెండు దశల్లోనే దొరకాలి, డాక్టరు దగ్గరికి వెళ్లిన 60 రోజుల్లోపు జబ్బు ఏమిటో తేలాలి, నూటికి 80 మంది చికిత్స పూర్తి చేయాలి. ఆ 60 రోజుల్లో అపాయింట్‌మెంటు, చిత్రం, బయాప్సీ, ల్యాబ్ రిపోర్టు, అన్నీ జరగాలి. బై-రాడ్స్ 4 రాసిన కాగితం చేతిలో పట్టుకున్న స్త్రీ వయసు నలభై అయినా యాభై అయినా, ఆమె వెంటనే అడగాల్సింది బయాప్సీ తేదీ ఎప్పుడని.